దెబ్బ తగల్లేదుగా అంటే కేసు లేనట్టేనా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా నాన్నగారికి యాభై ఎనిమిదేళ్లు. రోజూ తెల్లవారకముందే సైకిల్‌కి చెరో పక్క పాల క్యాన్ కట్టుకుని, చించినాడ వంతెన దాటి అవతలి ఊళ్లలో వాడిక పాలు పోసి వస్తారు. ఈమధ్య అటువైపు కాలువ గట్టు రోడ్డు మీద ఒక రొయ్యల వ్యాన్ ఆయన్ని ఒరుసుకుంటూ దాటింది. దాని అద్దం కుడివైపు క్యాన్‌కి తగిలి సైకిల్ ఎడమకి పడిపోయింది. కొబ్బరిచెట్టు అడ్డం లేకపోతే నాన్న కాలువలో ఉండేవారు. మోచెయ్యి గీరుకుంది, పాలన్నీ నేలపాలయ్యాయి. వ్యాన్ ఆగలేదు. నంబరులో చివరి నాలుగంకెలే నాన్న చూడగలిగారు. మాకు దగ్గరున్న స్టేషన్‌కి వెళితే, "పెద్ద దెబ్బలేం లేవు కదా, పైగా అది మా పరిధి కాదు" అన్నారు. ఊళ్లోవాళ్లేమో హారన్ కొట్టాక సైకిల్ వాడే రోడ్డు దిగాలి, సైకిల్‌కి లైసెన్సూ ఇన్సూరెన్సూ లేవు కాబట్టి కేసు నిలవదు అంటున్నారు. నిజమేనా సార్? (ఒక పాఠకురాలు)

జవాబు: నిజం కాదమ్మా. ముందు ఊళ్లోవాళ్ల మాట తేల్చేద్దాం. మోటారు వాహనాల చట్టం ప్రకారం సైకిల్ మోటారు వాహనమే కాదు. దానికి లైసెన్సు, ఇన్సూరెన్సు అడిగే నిబంధన లేదు. లేనిదాన్ని చూపించలేదని కేసు పోదు. ఇక హారన్ సంగతి. మన గోదావరి జిల్లాల్లో వెనకనుంచి హారన్ వినపడగానే సైకిల్ దిగి గట్టు పక్కకి ఒత్తిగిల్లడం అలవాటైపోయింది. అది మనవాళ్ల మర్యాదే గానీ చట్టం కాదు. సైకిల్ మీద వెళ్లేవారు ఎడమవైపు నడపాలి, దాటే బండికి కావాలని అడ్డుపడకూడదు. అంతేగానీ తారు వదిలి మట్టిలోకి దిగాలని ఏ నిబంధనా చెప్పదు. పాదచారులు, సైకిల్ మీద వెళ్లేవారు, పిల్లలు, వృద్ధుల విషయంలో ప్రత్యేక జాగ్రత్త తీసుకోవలసిన బాధ్యతను 2017 నాటి డ్రైవింగ్ నియమాలు డ్రైవర్ మీదే పెట్టాయి.

అయితే ఎంత దూరం వదలాలి? జర్మనీలో సైకిల్‌ని దాటేటప్పుడు ఊళ్లో మీటరున్నర, ఊరి బయట రెండు మీటర్లు వదలాలని 2020 నుంచి నిబంధనలోనే రాసి ఉంది. మన దగ్గర అలా మీటర్ల లెక్క లేదు. లేదు కాబట్టి ఎంత దగ్గరగా వెళ్లినా తప్పు కాదని కొందరు లాయర్లు వాదిస్తారు. ఆ వాదన నిలవదు. అంకె లేనప్పుడు కోర్టు చూసేది ఒక్కటే: ఆ రోడ్డు మీద, ఆ వేళలో, ఒళ్లు దగ్గర పెట్టుకున్న డ్రైవర్ అయితే అలా దాటేవాడా?

పోలీసులు చెప్పిన మొదటి మాటకి వద్దాం. 2024 జులై 1 నుంచి పాత ఐపీసీ స్థానంలో అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 281వ సెక్షన్ చూడండి. నిర్లక్ష్యంగా బండి నడపడం వల్ల మనిషి ప్రాణానికి ముప్పు వచ్చినా, గాయమయ్యే అవకాశం ఉన్నా చాలు, నేరమే. గాయం అయి తీరాలని అందులో లేదు. ఆరు నెలల వరకు జైలు, వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అసలు మీ నాన్నగారికి గాయం కాలేదని ఎవరన్నారు? చట్టం దృష్టిలో ఒంటికి నొప్పి కలిగినా గాయమే, రక్తం కారనక్కర్లేదు, ఎముక విరగనక్కర్లేదు. మోచెయ్యి గీరుకుంది కాబట్టి అదే సంహితలోని 125(ఎ) సెక్షన్ కూడా వర్తిస్తుంది. అందులో ఆరు నెలల వరకు జైలు, ఐదు వేల వరకు జరిమానా ఉంది. వీటికి తోడు మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్, అంటే ప్రమాదకరంగా నడపడం. నిబంధనలకు విరుద్ధంగా ఓవర్‌టేక్ చేయడాన్ని 2019 సవరణలో దాని కిందికే తెచ్చారు. తగిలించి ఆగకుండా పోవడం అదే చట్టంలోని 134వ సెక్షన్‌కి విరుద్ధం. ఆ సెక్షన్ మనిషికి దెబ్బ తగిలినప్పుడే కాదు, అవతలివాడి ఆస్తి పాడైనప్పుడూ వర్తిస్తుంది.

పరిధి మాట మరీ విచిత్రం. వశిష్ఠ గోదావరి దాటితే జిల్లా మారుతుంది, నిజమే. కానీ ఘటన ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చని నాగరిక సురక్షా సంహిత (కేసు నడిపే పద్ధతి చెప్పే చట్టం) 173వ సెక్షన్ చెబుతోంది. దీన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటున్నారు. వాళ్లు నమోదు చేసి అవతలి స్టేషన్‌కి పంపాలి, మిమ్మల్ని కాదు. అయినా తీసుకోకపోతే అదే ఫిర్యాదును రిజిస్టర్డ్ పోస్టులో జిల్లా ఎస్పీకి పంపి రసీదు దాచుకోండి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లవచ్చు. ఆ రసీదు అప్పుడు పనికొస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఇలాంటి కేసులు చాలావరకు వీగిపోయేది చట్టం లేక కాదు, ఫిర్యాదు సరిగ్గా రాయక. స్టేషన్ బయట రాసేవాడు అలవాటుగా "సదరు వాహనం అతివేగంగా, అజాగ్రత్తగా" అని రెండు ముక్కలు పడేస్తాడు. కర్ణాటక రాష్ట్రం వర్సెస్ సతీష్ కేసులో 1998లోనే సుప్రీంకోర్టు తేల్చేసింది: హై స్పీడ్ అన్నంత మాత్రాన నిర్లక్ష్యం రుజువైనట్టు కాదు. కాబట్టి వేగం సంగతి తర్వాత, ముందు దూరం రాయండి. టేపు తీసుకుని ఆ చోటికి వెళ్లండి. ఉదాహరణకి తారు పన్నెండడుగులు ఉందనుకుందాం. రెండు క్యాన్లతో సైకిల్ వెడల్పు మూడడుగులు, అది తారు అంచుకి అడుగు లోపల నడుస్తోంది, వ్యాన్ ఆరడుగులు. వ్యాన్ కుడి చక్రాలు తారు చివరి అంచు మీద పెట్టినా మధ్యలో మిగిలేది రెండడుగులే. అందులోంచి పక్కకి పొడుచుకొచ్చిన అద్దాన్ని తీసేయండి. అంటే ఆ చోట తారు మీదే ఉండి క్షేమంగా దాటడం కుదరని పని. వెనక కాసేపు ఆగాలి, లేదా తన కుడి చక్రాలు తాను మట్టిలోకి దింపుకోవాలి. డ్రైవర్ రెండూ చేయలేదు. ఎదురుగా బండి వస్తోందా, హారన్ కొట్టాడా, కాలువ ఎటువైపుంది, క్యాన్‌కి సొట్ట నేల నుంచి ఎంత ఎత్తులో పడింది, ఇవన్నీ రాయండి. ఆ ఎత్తూ వ్యాన్ అద్దం ఎత్తూ సరిపోతే అంతకన్నా మంచి సాక్షి ఉండదు. అందుకని ఆ క్యాన్‌ని సాపు చేయించకండి, కొత్తది కొనుక్కోండి.

మోచేతికి ఇంకా మచ్చ ఉంటే ఈరోజే ప్రభుత్వాసుపత్రికి వెళ్లి చూపించి, ఎలా తగిలిందో చీటీలో రాయించండి. ఆలస్యం ఎందుకైందో ఫిర్యాదులో ఒక్క వాక్యం రాస్తే చాలు. దారిలో చెరువుల దగ్గర, మిల్లు దగ్గర, పెట్రోలు బంకు దగ్గర సీసీ కెమెరాలు ఉంటాయి. పాత రికార్డింగు మీద కొత్తది ఎక్కిపోతుంది, కాబట్టి ముందు అటు పరిగెత్తండి. ఫుటేజీ దొరికితే దానితో పాటు సాక్ష్య అధినియమం, అంటే సాక్ష్యాల చట్టం, 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి. ఆ పని పోలీసులదే, మీరు మాత్రం ఏ కెమెరాలో ఉందో ఫిర్యాదులో పేర్కొనండి. నంబరు సగమే తెలిసిందని టెన్షన్ పడకండి. చివరి నాలుగంకెలు, బండి రకం, రంగు, వెళ్లిన టైము ఇస్తే వెతకవచ్చు. యజమాని దొరికాక "ఆ రోజు ఎవరు నడిపారో నాకు తెలీదు" అంటే కుదరదు. అడిగితే డ్రైవర్ పేరు, అడ్రసు చెప్పి తీరాలని మోటారు వాహనాల చట్టంలో 133వ సెక్షన్ ఉంది.

అవతలి లాయర్ మీ నాన్నగారిని తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: "చీకట్లో మీ సైకిల్‌కి వెనక ఎర్ర రిఫ్లెక్టర్ ఉందా?" లేకపోతే లేదనే చెప్పమనండి. దానివల్ల డ్రైవర్ నేరం మాసిపోదు. పరిహారంలో మాత్రం మీ వంతు తప్పు కింద కొంత కోత పడవచ్చు. ఇకనుంచి రెండు క్యాన్ల వెనకా రిఫ్లెక్టర్ టేపు అంటించండి, పెద్ద ఖర్చేం కాదు.

పాల డబ్బుల సంగతి మీరు అడగలేదు, నేనే చెబుతాను. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో గాయానికే కాదు, పాడైన ఆస్తికీ పరిహారం అడగవచ్చు. ఘటన జరిగిన ఆరు నెలల్లోపు వేయాలి. నిజం చెప్పాలంటే, ఒక పూట పాలకీ ఒక క్యాన్‌కీ ట్రిబ్యునల్ చుట్టూ తిరగమని నేను చెప్పను, బస్సు ఛార్జీలే మించిపోతాయి. యజమాని ఎవరో తేలాక మండల న్యాయ సేవా కమిటీకి తెల్ల కాగితం మీద అర్జీ పెట్టండి. కోర్టు ఫీజు లేకుండా ఇద్దరినీ పిలిచి కూర్చోబెడతారు. కాకపోతే ఒక్కటి గుర్తుంచుకోండి. పాల డబ్బులు ఇస్తాను, పోలీసు కేసు వదిలేయమని యజమాని అంటాడు. 281 రాజీకి వీలైన సెక్షన్ల జాబితాలో లేదు. డబ్బుకి రసీదు రాసివ్వండి, కేసు వాపసు తీసుకుంటామని మాత్రం సంతకం పెట్టకండి.