గిట్ బ్రాంచ్‌లు తుడిచే స్క్రిప్ట్‌ను ఎలా సరిచేయాలి?

గిట్ (కోడ్ మార్పులను భద్రపరిచే టూల్)లో, మెయిన్ అనే ప్రధాన బ్రాంచ్‌లో కలిసిపోయిన మిగతా బ్రాంచ్‌లను తీసేసే షెల్ స్క్రిప్ట్ ఒక్కోసారి ఫైళ్ల పేర్లను కూడా బ్రాంచ్‌లనుకుని ఎర్రర్లు ఇస్తోందని అడిగారు. తప్పు మీ ఫర్ లూప్‌లో (పేర్లను ఒక్కొక్కటిగా తీసుకుని అదే పని చేసే భాగం) ఉంది. 'గిట్ బ్రాంచ్' కమాండ్ మనం ఉన్న బ్రాంచ్ ముందు నక్షత్రం గుర్తు (*) పెడుతుంది. కొటేషన్లు లేని లూప్‌లో పడగానే షెల్ ఆ గుర్తును విప్పి, ఫోల్డర్‌లోని ఫైళ్ల పేర్లన్నీ తెచ్చి పెడుతుంది. 'గిట్ బ్రాంచ్' ఇచ్చేది మనుషులు చదువుకోవడానికి ఉద్దేశించిన అవుట్‌పుట్. స్క్రిప్ట్‌లో 'గిట్ ఫర్-ఈచ్-రెఫ్' కమాండ్‌ను --format='%(refname:short)', refs/heads కలిపి వాడండి, బ్రాంచ్‌ల పేర్లు మాత్రమే వస్తాయి.

ఇంకొకటి. మెయిన్‌ను జాబితాలోంచి తప్పించడానికి గ్రెప్‌కు (లైన్లను వడపోసే కమాండ్) ఉత్త '-వి' (సరిపోలిన లైన్లను తీసేసే ఆప్షన్) ఇస్తే 'డొమైన్-ఫిక్స్' లాంటివి కూడా తప్పుకుంటాయి, ఎందుకంటే ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో దాని మధ్యలో మెయిన్ ఉంది. '-ఎక్స్' కలిపితే లైన్ మొత్తం సరిపోలితేనే వదిలేస్తుంది.

వేరియబుల్స్‌ను డబుల్ కొటేషన్లలో పెట్టండి. స్క్రిప్ట్ మొదట్లో 'సెట్ -ఇ' (కమాండ్ ఫెయిలైతే స్క్రిప్ట్‌ను ఆపేది) ఉండాలి. లేకపోతే ఫోల్డర్ మార్చే 'సీడీ' ఫెయిలైనా మిగతా కమాండ్లు పాత ఫోల్డర్‌లోనే నడిచిపోతాయి, నాకు అసలు టెన్షన్ అదే. బ్రాంచ్ డిలీట్‌కు 'గిట్ బ్రాంచ్'కు చిన్న 'డి' (-d) చాలు. కలవని బ్రాంచ్ కనిపిస్తే గిట్ తనే ఆగుతుంది. పెద్ద 'డి' (-D) అయితే కలవని బ్రాంచ్‌నైనా అడగకుండా తీసేస్తుంది.