పీహెచ్‌డీ అమ్మాయి కెమెరా పట్టింది, నాన్నకి నిద్ర పట్టట్లేదు

ప్రశ్న: మేడమ్, మాది వనస్థలిపురం. మా అమ్మాయి గచ్చిబౌలిలో సోషియాలజీ పీహెచ్‌డీ, నాలుగో ఏడాది, హాస్టల్‌లో ఉంటుంది. సంబంధాలు చూస్తున్నాం, వారానికోటి తనకి వాట్సాప్ చేస్తున్నాను. ఇంకో నలుగురు స్కాలర్ అమ్మాయిలతో కలిసి వాళ్ల రీసెర్చ్ జీవితం మీద వాళ్లే సినిమా తీసుకుంటున్నారు, అదీ రీసెర్చే అంటోంది. దీనికి ఫ్యూచర్ ఉందా, మానిపించి డేటా ఎనలిటిక్స్‌లో చేర్పించాలా? రెండూ పోల్చి చెప్పండి.

జవాబు: సార్, ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. ఒకరి పిల్ల నాటకం అంటుంది, ఒకరి పిల్ల కవిత్వం అంటుంది, అడిగే నాన్నలందరి భయం మాత్రం ఒక్కటే, వయసు దాటిపోతోంది, చుట్టాలకి ఏం చెప్పాలి అని.

ముందు ఒకటి, ఇది టైంపాస్ కాదు. 1960లోనే పారిస్‌లో సినిమాలు తీసే ఆంత్రొపాలజిస్ట్ జాఁ రూష్, సోషియాలజిస్ట్ ఎడ్గార్ మోరాఁ అని ఇద్దరు, జనాన్ని షూట్ చేసి ఆ ఫుటేజ్ వాళ్లకే చూపించి, దాని మీద వాళ్ల వాదులాటని కూడా సినిమాలో పెట్టారు. అంత దూరం ఎందుకు, మన జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దళిత మహిళా రైతులు కెమెరా పట్టి వాళ్ల పంటల గురించి వాళ్లే తీశారు. మీ అమ్మాయి వాళ్లని ఎవరైనా ప్రశ్నల కాగితం పట్టుకుని అడిగితే "బాగానే ఉందండీ" అంటారు, అదే రాత్రి పదకొండింటికి ఐదుగురూ ల్యాప్‌టాప్ ముందు ఎడిటింగ్‌కి కూర్చున్నప్పుడు ఒకమ్మాయి "గైడ్ నా చాప్టర్ మూడు నెలలుగా తెరవనేలేదు" అంటే మిగతావాళ్లు నాకూ అంతే అంటారు చూడండి, ఆ మాట కోసమే ఈ పద్ధతి.

కానీ నాకూ డౌట్లున్నాయి, దాచను. ఇప్పుడిదో ఫ్యాషన్ అయిపోయింది, ఎక్కడ చూసినా క్రియేటివ్ మెథడ్స్, అంటే సినిమా, నాటకం లాంటివాటితో రీసెర్చ్ చేయడం, వాటి వర్క్‌షాపులే. థీసిస్ మీద ఒక్కరి పేరే ఉంటుంది, సినిమా ఐదుగురిది, మరి మీ అమ్మాయి వాటా ఏది? అసిస్టెంట్ ప్రొఫెసర్ ఇంటర్వ్యూలో ముందు పేపర్లే అడుగుతారు, సినిమా చూసే ఓపిక ఎవరికుంటుంది. ఇంకోటి, మొహం బ్లర్ చేసినా గొంతు బట్టి డిపార్ట్‌మెంట్ మొత్తానికి తెలిసిపోతుంది, గైడ్‌తో సహా. పైగా మధ్యలో ఒకమ్మాయి నన్ను తీసేయండి అంటే తీసేయాల్సిందే. అందుకే ఫుటేజ్ ఎవరిది, ఎవరి థీసిస్‌లోకి ఏ భాగం వెళ్తుంది అని ఇప్పుడే కాగితం మీద రాసుకోమనండి, దాని మీద ఒక చాప్టర్ తను సొంతంగా రాయాలి.

ఇక మీ సంగతి. నాలుగో ఏడాది అని అదేదో నేరంలా రాశారు. 2022 యూజీసీ రూల్స్‌లో పీహెచ్‌డీకి ఆరేళ్లు, ఆడవాళ్లకి ఇంకో రెండేళ్లు, 240 రోజుల మెటర్నిటీ లీవ్ కూడా. ఊరికే ఇచ్చారా సార్? మీరు వారానికో సంబంధం వాట్సాప్ చేస్తుంటే ఆ పిల్ల రాసేదెప్పుడు? ఆ సినిమాలో మీ ఫోన్ కాల్ కూడా ఉండే ఉంటుంది. లెక్క చూడాలంటే ఫెలోషిప్ చూడండి, జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) అయితే ఈపాటికి ఎస్ఆర్‌ఎఫ్, అంటే సీనియర్ ఫెలోషిప్ కింద నెలకి 42,000 వస్తుంటుంది, అది మొత్తం ఐదేళ్లే, అందుకని షూటింగ్‌కి ఒక ఆఖరి తేదీ పెట్టుకోవాలి.

పోలిక అడిగారు కదా, డేటా ఎనలిటిక్స్ థీసిస్ అయ్యాక కూడా నేర్చుకోవచ్చు, వదిలేసిన థీసిస్ దగ్గరికి మళ్లీ రావడం కష్టం, అంతే. ఈసారి ఇంటికొస్తే సంబంధం మాటెత్తకుండా "ఆ వీడియో కొంచెం చూపించమ్మా" అనండి. చూపిస్తే మాత్రం మధ్యలో ఆపి సలహాలివ్వకండి సార్.