ఢిల్లీ అలవాటవుతుంది, ముందు అంకెలు నేర్చుకోండి

గుంటూరు నుంచి ఢిల్లీ వచ్చి రెండు నెలలైనా హిందీ రాక గడప దాటలేకపోతున్నానని రాశారు కదా చెల్లెమ్మా. పన్నెండేళ్ల కిందట ఇక్కడే ఢిల్లీలోని ద్వారకలో నాదీ అదే పరిస్థితి. మీ దిగులు నాకు బాగా తెలుసు.

పుస్తకం పట్టుకుని హిందీ నేర్చుకోవాలని చూడకండి. వీధిలోకి వచ్చే కూరగాయల బండి దగ్గరికి రోజూ మీరే వెళ్లండి, మీవారిని పంపొద్దు. "కిత్నే కా హై" (ఎంత), "థోడా కమ్ కరో" (కొంచెం తగ్గించు), ఈ రెండు ముక్కలతోనే నేను మొదలుపెట్టాను. అంకెలు మాత్రం కంఠతా పట్టాలి. మన ఇరవై ఒకటి, ఇరవై రెండులా తేలిగ్గా రావు, నూరు దాకా ఒక్కొక్కటీ విడిగా నేర్చుకోవాల్సిందే. అవి వస్తే సగం భయం పోతుంది.

ఆదివారం అశోకా రోడ్డులోని ఆంధ్రా భవన్ క్యాంటీన్‌కి వెళ్లండి. పప్పు, పొడి, నెయ్యి వేసుకుని తింటుంటే చుట్టూ తెలుగు మాటలు వినిపిస్తాయి. నేను మొదటిసారి అక్కడే కళ్లనీళ్లు పెట్టుకున్నాను. మునక్కాయలు, కరివేపాకు, చేపలు కావాలంటే ఐఎన్‌ఏ మార్కెట్, మెట్రో స్టేషన్ పక్కనే. గోల్ మార్కెట్ దగ్గర టీటీడీ వారి వేంకటేశ్వరస్వామి గుడి ఉంది.

చలికి రజాయి ఇప్పుడే కొనుక్కోండి. నవంబరులో పొగమంచు దట్టంగా ఉన్న రోజు తెల్లవారుజామున నడకకు వెళ్లొద్దు.

మీరు ఏ ఏరియాలో ఉంటున్నారో చెప్పండి. దగ్గరైతే మొదటిసారి మార్కెట్‌కి నేనే తోడొస్తాను.