క్షమించిన తరువాత రాకపోకలు కూడా మొదలుపెట్టి తీరాలా?

మోసం చేసిన బంధువును క్షమించానని చెప్పినా, ఆ ఇంటికి మళ్ళీ రాకపోకలు పెట్టుకోకపోతే అది క్రైస్తవ క్షమాపణే కాదని సంఘంలో అంటున్నారని, అది నిజమేనా అని మీరు అడిగారు. నిజం కాదని నేను అనుభవం మీద తెలుసుకున్నాను.

మా పెదనాన్నగారి అబ్బాయి చీటీ పాడుకున్నప్పుడు నేను షూరిటీ సంతకం పెట్టాను. సొమ్ము చేతికందిన నాలుగు నెలలకే అన్నయ్య వాయిదాలు కట్టడం మానేయడంతో, మిగిలిన 26 వాయిదాలూ నా జీతంలోంచే పోయాయి. డబ్బు పోయినందుకన్నా, అందులో సగం నేనే వాడుకున్నానని ఆయన బంధువులతో చెప్పినందుకు ఎక్కువ కుమిలిపోయాను. ఆదివారం ప్రభువు ప్రార్థనలో 'మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము' అనే చోటికి వచ్చేసరికి నాకు గొంతు పెగిలేది కాదు. నా ఋణస్థుడు రెండు వరుసల ముందే కూర్చుని ఉండేవాడు.

ఒకసారి ప్రభురాత్రి భోజన సంస్కారానికి ముందు సంఘ పెద్దలు మా ఇద్దరినీ నిలబెట్టి చేతులు కలిపించారు. ఆయన ఏదీ ఒప్పుకోలేదు, నేను ఏదీ అడగలేదు, సంఘమంతా మాత్రం స్తోత్రం చెప్పింది. ఇంటికి వచ్చాక నా కోపం రెట్టింపయింది. (తప్పు చేసినవాడు అడిగేదాన్నీ, నష్టపోయినవాడు ఇచ్చేదాన్నీ మనం ఒకే 'క్షమాపణ' అనే మాటతో పిలుస్తాము, ఈ గందరగోళంలో కొంత అక్కడే పుట్టిందని నా అనుమానం.)

ఆ రోజుల్లో ఆదికాండములో యోసేపు కథను మళ్ళీ చదివాను. తనను బానిసగా అమ్మేసిన అన్నలు ధాన్యం కొనడానికి వచ్చినప్పుడు, వారి గోనెలలో వారి రూకలను తిరిగి పెట్టించిన మనిషికి పగ తీర్చుకోవాలని లేదన్నది తెలుస్తూనే ఉంది. అయినా తమ్ముడు బెన్యామీనుకు బదులు తానే దాసుడిగా ఉండిపోతానని ఆ అన్నల్లో ఒకడైన యూదా ముందుకు వచ్చేవరకు ఆయన తానెవరో చెప్పుకోలేదు. పగ వదలడం యోసేపు ఒక్కడి చేతిలోని పని, కలిసిపోవడానికి మాత్రం అన్నలు కూడా మారవలసి వచ్చింది. పౌలు రోమీయులకు వ్రాస్తూ అందరితో సమాధానముగా ఉండమన్న మాటకు ముందు 'శక్యమైతే', 'మీ చేతనైనంత మట్టుకు' అని రెండు షరతులు ఊరికే పెట్టలేదు.

1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో భర్తనూ ఇద్దరు కొడుకులనూ సజీవదహనంలో పోగొట్టుకున్న గ్లాడిస్ స్టెయిన్స్ కూడా హంతకులను క్షమించానన్నారు గాని, ఆ క్షమాపణను నేరానికి చట్టం వేసే శిక్షతో కలిపి చూడకూడదన్నారు. నాది ఆ నష్టం ముందు చాలా చిన్నది.

నేను అన్నయ్య మీద కోపాన్ని ప్రార్థనలో వదిలేయడానికి రెండేళ్లు పట్టింది, అదీ ఒక్కసారిగా కాదు. ఆ తరువాత ఒక సాయంత్రం ఆయన కవరులో రెండు వేల రూపాయలు పెట్టుకుని వచ్చి, గుమ్మం దగ్గరే నిలబడి, సగం సొమ్ము సంగతి తాను అబద్ధం చెప్పానని మా ఆవిడ ఎదుట ఒప్పుకున్నాడు. మా రాకపోకలు అప్పుడే మొదలయ్యాయి. క్రిస్మస్‌కు వాళ్ళ ఇంట్లోనే భోజనం చేస్తున్నాము. షూరిటీ సంతకం మాత్రం మళ్ళీ పెట్టనని చెప్పాను. ఆయన కూడా అడగలేదు.