పాత సెల్‌ఫోన్ల బండికి వేసేముందు

చిన్నీ,

నిన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది, ఇల్లు మారుతున్నారని, బీరువా కింది అరలో పాత ఫోన్లు తొమ్మిది బయటపడ్డాయని. "పాత సెల్‌ఫోన్లు కొంటాం, పాడైపోయిన సెల్‌ఫోన్లు కొంటాం" అని మైకు పెట్టుకుని తిరిగేవాడికి అన్నీ ఇచ్చేసి ప్లాస్టిక్ టబ్బులు తీసుకుంటానన్నావట. కొంచెం ఆగు తల్లీ. వాటిలో నాలుగు నేను వాడి మీ నాన్నకు ఇచ్చినవి, వాటి మీద నాకింకా హక్కుందనే అనుకుంటున్నా.

అసలు ఆ బండికి ఇవ్వడమే వద్దు. 2024లో మా పక్కనే రామగుండంలో సైబర్ పోలీసులు బీహార్ నుంచి వచ్చిన ముగ్గురిని పట్టుకుంటే వాళ్ళ దగ్గర సుమారు 4,000 పాత ఫోన్లు దొరికాయి, అన్నీ ఇలా ఊళ్ళలో ప్లాస్టిక్ సామాను ఇచ్చి పోగుచేసినవే. ఫోన్ పగిలిపోయినా లోపల బోర్డు బతికి ఉంటే చాలు, ఐఎంఈఐ అనే 15 అంకెల నంబరు ఆ బోర్డుతోనే పోతుంది. రేపు దాంతో ఎవడైనా మోసం చేస్తే ఆ నంబరు పట్టుకుని మొదట మీ గుమ్మం దగ్గరికే వస్తారు. బండి మీద వచ్చే కుర్రాళ్ళందరూ దొంగలని కాదు, పొట్టకూటికి తిరిగేవాళ్ళూ ఉంటారు, కానీ ఎవరు ఎవరో నీకెలా తెలుస్తుంది?

ముందు అన్నీ మంచం మీద పరిచి చూడు. వీపు ఉబ్బిన ఫోన్ ఏదైనా ఉంటే దాన్ని పక్కన పెట్టు, చార్జింగ్ పెట్టి చూద్దామని మాత్రం అనుకోకు, పిన్నుతో గుచ్చకు, చెత్తబుట్టలో వేయకు. లోపల బ్యాటరీలో గ్యాస్ చేరితేనే అలా ఉబ్బుతుంది, గుచ్చితే అంటుకుంటుంది. కరెంటు పనిలో ముప్పై ఏళ్ళు ఉన్నవాడి మాట ఇది. చాలా కంపెనీల సర్వీస్ సెంటర్లలో పాడైనవి తీసుకుంటారు, ఒకసారి ఫోన్ చేసి కనుక్కుని వెళ్ళు.

వాటిలో చిన్నది, నల్లది, పైన టార్చిలైటు ఉన్నది నోకియా 1100. దాన్ని మాత్రం ఎవరికీ ఇవ్వకు. 2004లో నాలుగు వేల పైచిలుకు పెట్టి కొన్నా, ఇంట్లో మీ అత్తయ్య రెండు రోజులు మాట్లాడలేదు. అంతకుముందు లైను మీద పని చేయాలంటే సప్లై ఆపారన్న లైన్ క్లియర్, అదే ఎల్‌సీ కోసం సబ్‌స్టేషన్‌కి మనిషిని సైకిలు మీద పంపేవాళ్ళం, వాడు వెళ్ళి, ఆపరేటరు సప్లై ఆపి, వాడు మళ్ళీ తిరిగొచ్చి చెప్తే గానీ స్తంభం ఎక్కేవాళ్ళం కాదు, ఈలోపు రైతులు మోటారు దగ్గర కూర్చుని మమ్మల్ని తిట్టుకునేవారు. ఆ ఫోన్ వచ్చాక పొలం గట్టు మీద నుంచే ఎల్‌సీ తీసుకున్నాం. వానాకాలం రాత్రి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర హెచ్‌జీ ఫ్యూజు పోతే సప్లై తెంచే ఏబీ స్విచ్ దించి, 'సి' మీట నొక్కి లైటు వేసి, ఫోన్‌ని చొక్కా జేబులో పైకి కనబడేలా పెట్టుకుని వైరు కట్టేవాణ్ణి. ఆ మోడల్ ప్రపంచం మొత్తం మీద 25 కోట్లకు పైగా అమ్ముడుపోయిందంటారు. కెమెరా లేదు, కలర్ లేదు, అయినా అంత అమ్ముడుపోయింది, మరి మాలాంటి వాళ్ళు ఎంతమంది ఉన్నారో చూడు.

అందులో ఫోన్ మెమరీలో పట్టేవి 50 పేర్లే, మిగతావి సిమ్‌లో ఉండేవి. ఆ 50 నాకు కావాలి. "రైసుమిల్లు కొత్త", "కోతుల చెట్టు డీటీఆర్", "ఆపరేటర్ నైట్" ఇలా ఉంటాయి, డీటీఆర్ అంటే ట్రాన్స్‌ఫార్మరే, నంబర్లు ఇప్పుడు పనికిరావు, పేర్లు కావాలి. దానికి కేబులు పెట్టే చోటు లేదు, బ్లూటూత్ లేదు, కాబట్టి ఒక్కో పేరు, ఒక్కో మెసేజ్ తెరిచి నీ ఫోన్‌తో ఫొటో తీయడమే దారి. విసుగే, తెలుసు. బ్యాటరీ చచ్చిపోయి ఉంటుంది, బీఎల్-5సీ అని అడుగు, ఇప్పటికీ చిన్న ఎఫ్ఎం రేడియోల్లో అదే వేస్తున్నారు గనక ఏ ఊళ్ళోనైనా దొరుకుతుంది. జియో సిమ్ వేసి పనిచేయడం లేదని పారేయకు, దానికి 2జీ సిగ్నల్ కావాలి, జియోకి అది లేదు.

లావుగా, కోడిగుడ్డులా ఉండేది నోకియా 6600. హైదరాబాద్ ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నా, మధ్యలో ఉన్న జాయ్‌స్టిక్ నా బొటనవేలికే అరిగిపోయింది. అందులో మెమరీ కార్డు ఇప్పటి మైక్రో ఎస్‌డీ కాదు, ఎంఎంసీ, ఎస్‌డీ కార్డు పట్టే రీడర్లో పెట్టి చూడు, ఎక్కువసార్లు చదువుతుంది. వీడియోలు అగ్గిపెట్టె సైజులో ఉంటాయి, మొహాలు గుర్తుపట్టలేం, అయినా కాపీ చేసి పెట్టు.

నోకియా 5233 గురించి ఒక్క మాట. అప్పట్లో చాలా ఫోన్లలో తెలుగు అంతా డబ్బాలు డబ్బాలుగా కనబడేది. ఒపెరా మినీ అనే బ్రౌజర్లో అడ్రస్ కొట్టే చోట కాన్ఫిగ్ అని కొట్టి, వచ్చిన లిస్టులో చివర బిట్‌మ్యాప్ ఫాంట్ల దగ్గర 'యస్' పెడితే తెలుగు వచ్చేది, అక్షరాలు కాదు, అక్షరాల బొమ్మలు. ఆ కిటుకు నాకు నేర్పింది మా ఆఫీసులో అప్రెంటిస్‌గా వచ్చిన కుర్రాడు. ఫోన్‌లో తెలుగు పేపరు మొదటిసారి చదివింది దాని మీదే, స్క్రీన్ మీద గీతలు పడి ఉంటాయి, అవి నావే. దాన్ని నీ ఇష్టం, ఉంచినా ఇచ్చినా సరే.

మిగతావి ఆండ్రాయిడ్లు. మోటో జీ, రెడ్‌మీ నోట్ 3 తప్ప మిగిలినవి నాకు పెద్దగా గుర్తు లేవు, బ్రాండ్లు మారాయి తప్ప అన్నీ ఒకలాగే అనిపించాయి. వీటితో జాగ్రత్త ఎక్కువ కావాలి. ఫొటోలు తీసుకున్నాక ముందు గూగుల్ అకౌంట్ తీసెయ్, ఆ తర్వాతే ఫ్యాక్టరీ రీసెట్ చెయ్. అకౌంట్ తీయకుండా రీసెట్ చేస్తే కొన్నవాడికి లాక్ అడుగుతుంది, వాడు రోజూ నీకు ఫోన్ చేస్తాడు. పాత వాటిలో రీసెట్ చేసినా ఫొటోలు మళ్ళీ పైకి లాగే వీలుంటుంది, కాబట్టి రీసెట్ అయ్యాక ఫోన్‌ని గోడ వైపు తిప్పి మెమరీ నిండేదాకా వీడియో తీసి ఇంకోసారి రీసెట్ చెయ్. సిమ్ ట్రే, కార్డు ట్రే ఖాళీగా ఉన్నాయో లేదో వేలితో తడిమి చూడు, మీ నాన్న ఒకసారి సిమ్‌తో సహా ఇచ్చేసి వారం రోజులు టెన్షన్ పడ్డాడు.

డబ్బాల మీద ఉన్న ఐఎంఈఐ నంబర్లు ఒక కాగితం మీద రాసిపెట్టు. డబ్బా లేకపోతే *#06# కొడితే వస్తుంది. ఎవరికి ఇచ్చావో, ఏ తారీఖున ఇచ్చావో పక్కనే రాయి. షాపులో ఇస్తే రసీదు లేకుండా రాకు.

కొత్త ఫోన్ ఏది కొనాలని కూడా అడిగావట. అది మీ తమ్ముణ్ణి అడుగు, నాకన్నా వాడికే తెలుసు.

ఆదివారం వస్తున్నా. చార్జర్ల కోసం వెతకకు, సన్న పిన్నుది, లావు పిన్నుది రెండూ నా దగ్గర ఉన్నాయి, 1100కి లావు పిన్ను కావాలి. అప్పటిదాకా ఆ మైకు వాణ్ణి గేటు బయటే ఉంచు.

మీ మామయ్య