ఇంగ్లండ్ సీ టు సీ సైకిల్ రూట్: ఎటు నుంచి తొక్కాలి, ఎక్కుళ్లు ఎంత కష్టం?

పడమటి తీరంలోని వైట్‌హేవెన్‌లో మొదలుపెట్టి తూర్పున సండర్లాండ్‌లో గానీ టైన్‌మౌత్‌లో గానీ ముగించండి. అక్కడ గాలి ఎక్కువగా పడమటి నుంచే వీస్తుంది, కాబట్టి వెనకనుంచి నెడుతుంది. బయల్దేరేటప్పుడు వెనక చక్రాన్ని ఐరిష్ సముద్రంలో, చేరాక ముందు చక్రాన్ని నార్త్ సీలో తడపడం ఆనవాయితీ. మర్చిపోకండి, ఆ సరదానే వేరు.

దారి సుమారు 225 కిలోమీటర్లు, 1994లో ప్రారంభమైంది. కెజిక్ చుట్టూ సరస్సుల అందం సరే, అసలు పరీక్ష పెన్రిత్ దాటాక పెన్నైన్ కొండల్లో. 580 మీటర్ల ఎత్తుకు చేరే హార్ట్‌సైడ్ ఎక్కుడు పొడవే కానీ ఒకే తీరుగా సాగుతుంది, నిదానంగా తొక్కితే ఎక్కేయొచ్చు. పాత సీసపు గనుల ఊరు నెంట్‌హెడ్ తర్వాత వచ్చే బ్లాక్ హిల్ ఇంకా ఎత్తు, 609 మీటర్లు. నా దృష్టిలో అన్నిటికన్నా కష్టం స్టాన్‌హోప్ ఊళ్లోంచి నిటారుగా లేచే క్రాలీసైడ్. అప్పటికే కాళ్లు అలిసి ఉంటాయి. దిగి తోసుకుంటూ వెళ్లడంలో తప్పేమీ లేదు, చాలామంది అదే చేస్తారు.

ఆపైన టెన్షన్ లేదు. పట్టాలు తీసేసిన పాత రైలుదారి మీదుగా కాన్సెట్ వైపు హాయిగా దిగొచ్చు.

సామాన్యంగా ఫిట్‌గా ఉన్నవాళ్లకు మూడు నాలుగు రోజులు చాలు. ఖరీదైన సైకిల్ కన్నా ఎక్కుళ్లలో తొక్కడానికి బాగా తేలికైన గేరు, గట్టి బ్రేకులు ముఖ్యం. వేసవిలో వెళ్లినా రెయిన్ జాకెట్ పైనే, చేతికందేలా పెట్టుకోండి.