మందు మార్చే ముందు, ఇచ్చే తీరు చూడు

సికింద్రాబాద్

చి.ల.సౌ. మాధవికి, పెద్దమ్మ ఆశీస్సులు.

ఆస్తమాకు రెండు వారాలుగా ఇన్హేలర్ వాడుతున్నా బాబుకు రాత్రి దగ్గు తగ్గలేదనీ, మందు మార్పించమంటారా అనీ అడిగావు. మార్పించే ముందు అది వాడి ఊపిరితిత్తుల దాకా చేరుతోందో లేదో చూడాలి. నేను పిల్లల వార్డులో నర్సుగా ఉన్నన్నాళ్లూ, మందు పనిచేయడం లేదని వచ్చిన తల్లుల చేత మా ఎదుటే ఒకసారి ఇప్పించి చూసేవాళ్లం. చాలామంది విషయంలో మందు పిల్లవాడి నాలుక మీదో, గొంతులోనో ఆగిపోయేది.

నొక్కడం, పీల్చడం ఒకే క్షణంలో జరగాలంటే పెద్దవాళ్లలోనే చాలామందికి కుదరదు, అయిదేళ్ల వాడికి అసలు కుదరదు. కనుక స్పేసర్, అంటే ఇన్హేలర్‌కు తగిలించే ప్లాస్టిక్ గొట్టం, లేకుండా ఒక్క పఫ్ (ఒకసారి నొక్కితే వచ్చే మందు) కూడా ఇవ్వకు. వాడిని ఒళ్లో పడుకోబెట్టకుండా నిటారుగా కూర్చోబెట్టి, ఇన్హేలర్ మూత తీసి, నాలుగైదుసార్లు బాగా ఊపి స్పేసర్‌కు తగిలించు. మౌత్‌పీస్‌ను పళ్ల మధ్య ఉంచుకుని పెదవులు బిగించాక, ఒక్కసారి మాత్రమే నొక్కి, అయిదారుసార్లు నెమ్మదిగా నోటితో పీల్చి వదలమను. శ్వాసతోపాటు స్పేసర్ లోపలి కవాటం కదలడం నీ కంటికి కనబడాలి. కదలడం లేదంటే వాడు ముక్కుతో పీలుస్తుండవచ్చు. రెండో పఫ్ రాసి ఉంటే అర నిమిషం ఆగి, మళ్లీ ఊపి, అంతా మొదటి నుంచీ చేయాలి. ఆఫీసుకు ఆలస్యమవుతోందని రెండూ ఒకేసారి నొక్కితే, మందు స్పేసర్ గోడలకు అంటుకుని వాడికి అందేది తగ్గిపోతుంది.

మౌత్‌పీస్ పట్టుకోవడం ఇంకా చేతకాకపోతే మాస్కు వాడవచ్చు, కానీ అది ముక్కునూ నోటినీ సందు లేకుండా కప్పాలి. ఏడ్చేటప్పుడు మందు బాగా లోపలికి పోతుందని మన ఇళ్లలో అంటుంటారు. అది నిజం కాదు. ఏడ్చే పిల్లవాడికి మందు ఊపిరితిత్తుల్లోకి చాలా తక్కువగా చేరుతుంది. ముందు ఊరుకోబెట్టి, తరువాతే ఇవ్వు.

స్పేసర్‌ను గిన్నెలు తోమే సబ్బు కలిపిన గోరువెచ్చని నీళ్లలో కడిగి, గాలికి ఆరనివ్వు. నీకు ప్రతిదీ గుడ్డతో మెరిసేలా తుడిచే అలవాటుంది, ఇక్కడ మాత్రం అది మానుకో. తుడిస్తే ప్లాస్టిక్‌లో స్థిర విద్యుత్తు పుట్టి, మందును గోడలకే లాక్కుంటుంది.

ఇక మందుల సంగతి. సాల్బుటమాల్ ఆయాసం వచ్చినప్పుడు నిమిషాల్లో ఉపశమనం ఇస్తుంది. బుడెసొనైడ్ వంటి స్టెరాయిడ్ ఇన్హేలర్ శ్వాసనాళాల వాపును కొద్ది వారాల్లో నిదానంగా తగ్గిస్తుంది కనుక, దగ్గు లేని రోజున కూడా మానకూడదు. అది ఇచ్చిన ప్రతిసారీ నోరు పుక్కిలింపించు, లేకపోతే నోట్లో తెల్లటి పూత రావచ్చు. మాస్కు వాడితే మొహం కూడా కడుగు. ఇన్హేలర్‌కు అలవాటు పడిపోతాడని మీ అత్తగారు భయపడుతున్నారని రాశావు. సాల్బుటమాల్ మాత్ర ఒకటి 2 మిల్లీగ్రాములైతే, ఒక పఫ్ 100 మైక్రోగ్రాములు, అంటే అందులో ఇరవయ్యో వంతు మాత్రమేనని ఆవిడకు చెప్పు.

మృగశిర కార్తె నాడు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో పంచే చేప మందుకు వాడిని మీ ఇంట్లోవాళ్లు తీసుకువెళతామంటున్నారట. దానితో ఆస్తమా తగ్గుతుందనడానికి శాస్త్రీయమైన ఆధారం లేదు, పైగా ఆయాసపడే పిల్లవాడి చేత బతికున్న చేపను మింగించడం నాకు సుతరామూ ఇష్టం లేదు. వాళ్లతో పోట్లాడమని అనను, కానీ ఎవరేం చెప్పినా స్టెరాయిడ్ ఇన్హేలర్ మాత్రం ఒక్క పూట కూడా ఆగకూడదు. పూజ గదిలో అగరుబత్తీలు, పడకగదిలో దోమల చుట్టలు మాన్పించగలిగితే అదే పదివేలు.

డొక్కలు ఎగరేస్తున్నా, మాట పూర్తి చేయలేకపోతున్నా, పెదవులు నీలంగా మారినా, డాక్టరుగారు చెప్పినట్లు సాల్బుటమాల్ ఇస్తూ వెంటనే ఆసుపత్రికి బయలుదేరు, లేదా 108కి ఫోన్ చేయి. ఈ ఎండల్లో ఇన్హేలర్‌ను కారులో వదలకు.

ఈసారి డాక్టరుగారి దగ్గరకు వెళ్లేటప్పుడు ఇన్హేలర్, స్పేసర్ రెండూ వెంట తీసుకువెళ్లి, వారి ఎదుటే బాబుకు ఇచ్చి చూపించు. మందు ఎంత మిగిలిందో నీళ్లలో వేసి తేల్చి చూడడం నమ్మదగిన పద్ధతి కాదు. నీ దగ్గరున్న దానిపై లెక్క చూపే అంకెలు లేకపోతే, మొదలుపెట్టిన తేదీని క్యాలెండరులో రాసుకో. 200 పఫ్‌ల డబ్బా, పూటకు రెండు చొప్పున రెండు పూటలా ఇస్తే, 50 రోజులకు అయిపోతుంది. నాలుగు రోజుల ముందే కొత్తది కొని ఉంచు.

ఇట్లు,
మీ పెద్దమ్మ